పౌర్ణమి సాయంత్రం సముద్రం ఎందుకు వెనక్కి వెళ్లింది?

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. పౌర్ణమికి సముద్రం పొంగుతుందని తొమ్మిదో తరగతి చదివే మీ బాబుకి బళ్లో చెప్పారు, కళ్లారా చూపిద్దామని మీరు పౌర్ణమి రోజే సాయంత్రం నాలుగింటికి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లారు, తీరా చూస్తే నీళ్లు రోజూకంటే వెనక్కే ఉన్నాయి, తడి ఇసుక మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మరి చంద్రుడి ప్రభావం నిజమేనా, రుతువులు, గ్రహణాలు, అధికమాసం ఇవన్నీ కూడా ఇదే లెక్కలో వస్తాయా అని అడిగారు.

నిజమే. చంద్రుడు ఆ రోజు కూడా తన పని తాను చేశాడు, మీరు వెళ్లిన వేళ మాత్రం పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసే వేళ. మన విశాఖ తీరంలో పౌర్ణమికి గానీ అమావాస్యకి గానీ పోటు ఉదయం 9 గంటల ప్రాంతంలో ఒకసారి, రాత్రి 9 ప్రాంతంలో ఇంకోసారి వస్తుంది. పాటు తెల్లవారుజామున 3, మధ్యాహ్నం 3 దగ్గర. అరగంట అటూ ఇటూ అవ్వొచ్చు. అంటే నాలుగింటికి మీరు నిలబడ్డప్పుడు నీరు అప్పుడప్పుడే అడుగుమట్టం నుంచి మళ్లుతోంది. పౌర్ణమికి పోటు ఎంత ఎక్కువ ఎక్కుతుందో పాటు కూడా అంత ఎక్కువ తీస్తుంది, ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. అదే రోజు రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఉంటే పిల్లలు క్రికెట్ ఆడిన చోట అలలు ఉండేవి.

నేను హార్బర్ సర్వే పనిలో 31 ఏళ్లు ఉన్నాను. మొదటి రెండేళ్లు నా పని ఏమిటంటే జెట్టీ పక్కన నీళ్లలో నిలబెట్టిన కొలకర్ర దగ్గర కూర్చుని పది నిమిషాలకోసారి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం. చెప్పడానికి తేలికే గానీ నీరు ఒక్కచోట నిలబడదు, అల వచ్చినప్పుడు కర్ర మీద తడి ఎంతవరకూ ఎక్కిందో, దిగినప్పుడు ఎంతవరకూ దిగిందో చూసి మధ్యలో అంకె తీసుకోవాలి. రాత్రి డ్యూటీలో టార్చిలైటు వేసి చూసేవాళ్లం. లోపలికి కొట్టుకొస్తున్న కొబ్బరి డొప్పలు, పూలదండలు మెల్లగా నెమ్మదించి, ఒక పావుగంట ఎక్కడివక్కడే ఊగి, తర్వాత ఒక్కొక్కటే బయటివైపు కదలడం మొదలుపెడతాయి. ఆ పావుగంటలో కర్ర మీద అంకె మారదు. పోటు ముగిసి పాటు మొదలైందన్నమాట. అది వందలసార్లు చూశాను, ఇప్పటికీ హార్బర్ వైపు వెళితే ఆగి చూస్తాను.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద పొరపాటు చేశాను. లోతులు కొలిచేటప్పుడు కొలిచిన లోతులోంచి ఆ నిమిషానికి పోటు ఎంతుందో తీసేయాలి, లేకపోతే పోటు వేళ కొలిచినవాడికి సముద్రం లోతుగానూ పాటు వేళ కొలిచినవాడికి మెరకగానూ కనిపిస్తుంది. నేను ఒక గంట తేడాతో పోటు అంకెలు వాడాను. సరిగ్గా పౌర్ణమి మర్నాడు, నీరు వేగంగా మారే రోజు. ఒక రోజు పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. మా సీనియర్ ఒకాయన నన్ను గోడకున్న క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లి తిథి మీద వేలు పెట్టి, "పోటు వేళల పుస్తకం తెరిచే ముందు ఇది చూడు, పోటు వేళ నీకు ముందే తెలిసిపోవాలి, పుస్తకంలో దానికి దూరంగా ఉంటే అప్పుడు అనుమానపడు" అన్నారు. నేను మీకు చెప్పాలనుకుంటున్నది కూడా అదే. మన ఇంటి గోడ మీద ఉన్న తిథే సముద్రపు గడియారం.

తిథి అంటే చాలామంది అదేదో పూజలకి సంబంధించిన విషయం అనుకుంటారు. అది కోణం. భూమి నుంచి చూస్తే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎన్ని డిగ్రీలుందో కొలిచి, 12 డిగ్రీలకో తిథి చొప్పున 360 డిగ్రీల్ని 30 ముక్కలు చేశారు. కోణం సున్నా అయిన క్షణంలో అమావాస్య ముగుస్తుంది, 180 అయితే పౌర్ణమి, అష్టమి సగంలో 90. చంద్రుడి దారి గుండ్రంగా కాకుండా కొంచెం సాగి ఉండటం వల్ల దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు, అందుకే ఒక తిథి 20 గంటల్లో అయిపోతే ఇంకోటి 26 గంటలు ఉంటుంది. పండగ ఇవాళా రేపా అని ఇంట్లో వాదన వచ్చినప్పుడల్లా దాని వెనక ఉన్నది చంద్రుడి వేగంలో ఈ తేడానే.

సముద్రం కూడా ఈ కోణానికే స్పందిస్తుంది. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు కాబట్టి పోటు కూడా సగటున రోజుకి 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. పౌర్ణమికి 9 అనుకుంటే చవితి నాటికి పన్నెండు అటూ ఇటూ, అష్టమికి మధ్యాహ్నం మూడు దగ్గర. పౌర్ణమి, అమావాస్య చుట్టుపక్కల రోజుల్లో ఈ జరుగుడు 40 నిమిషాలే ఉంటుంది, అష్టమి దగ్గర గంట దాటిపోతుంది, కాబట్టి ఇది చేతివేళ్ల లెక్క మాత్రమే, పడవ నడిపేవాళ్లు పోటు పట్టికే చూడాలి.

ఎత్తు సంగతికొస్తే పౌర్ణమి, అమావాస్యల్లో విశాఖలో పోటుకీ పాటుకీ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి దగ్గర అరమీటరు ప్రాంతం. వాలు తక్కువగా ఉన్న ఇసుక మీద 1.4 మీటర్లంటే నీరు పాతిక ముప్పై మీటర్లు వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తుంది, మీరు చూసింది అదే. ఇంకో విషయం, అన్నిటికంటే పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి నాడు రాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది.

ఎందుకు అని బాబు అడుగుతాడు కదా, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. సూర్యుడు భూమిని లాగే బలం చంద్రుడు లాగే బలానికి సుమారు 180 రెట్లు. అయినా పోటులో పెద్ద వాటా చంద్రుడిదే, సూర్యుడి వాటా దానిలో సగం కంటే కొంచెం తక్కువ. పోటుని పుట్టించేది మొత్తం లాగుడు కాదు, భూమికి ఒక పక్కా మధ్యభాగానికీ ఇంకో పక్కా మధ్య ఆ లాగుడులో ఉండే తేడా. చంద్రుడు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, భూమి వ్యాసార్థం 6,400, అంటే దూరంలో అరవయ్యో వంతు. కాబట్టి చంద్రుడికి ఎదురుగా ఉన్న నీరు భూమి మధ్యభాగం కంటే గట్టిగా లాగబడుతుంది, అవతలి పక్క నీరు మధ్యభాగం కంటే తక్కువగా లాగబడి వెనకబడుతుంది, అందుకే ఉబ్బు రెండు పక్కలా వస్తుంది, రోజుకి రెండు పోట్లు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, ఆ దూరం ముందు 6,400 అంటే ఇరవై మూడు వేల వంతుల్లో ఒకటి. ఎంత బలంగా లాగినా ఈ పక్కా ఆ పక్కా దాదాపు సమానంగా లాగుతాడు. అమావాస్యకీ పౌర్ణమికీ ముగ్గురూ ఒకే గీతలో ఉంటారు కాబట్టి రెండు వాటాలూ కలుస్తాయి, అష్టమికి అడ్డంగా ఉంటారు కాబట్టి ఒకరిది ఇంకొకరు కొంత తగ్గిస్తారు.

అయితే భూమికి రెండు పక్కలా నీరు ఉబ్బి కోడిగుడ్డులా కనిపించే పాఠ్యపుస్తకంలోని బొమ్మని పూర్తిగా నమ్మొద్దని బాబుకి చెప్పండి. బొమ్మ ప్రకారం చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు పోటు రావాలి. పౌర్ణమి నాడు చంద్రుడు నడినెత్తికి వచ్చేది అర్ధరాత్రి, మన పోటు మాత్రం తొమ్మిదికే వచ్చి పోతుంది. భూమంతా నీరే ఉంటే బొమ్మ నిజమయ్యేది. ఖండాలు అడ్డం ఉన్నాయి, లోతు ఒక్కో చోట ఒక్కోలా ఉంది, అందుకని చంద్రుడు పుట్టించిన కదలిక సముద్రంలో ఒక పొడవాటి అలలా ప్రయాణించి ఒక్కో రేవుకి ఒక్కో వేళకి చేరుతుంది. ఏ ఊరి ఆలస్యం ఆ ఊరిది, కానీ ఆ ఆలస్యం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది, అందుకే తిథితో లెక్క కుదురుతుంది. ఎత్తు కూడా అంతే, మన దగ్గర ఒడ్డు దాటగానే సముద్రం త్వరగా లోతైపోతుంది కాబట్టి మీటరున్నర లోపే, అదే చంద్రుడు గుజరాత్‌లో గరాటులా సన్నబడే ఖంభాత్ సింధుశాఖలో భావ్‌నగర్ దగ్గర 10 మీటర్ల పైన ఎక్కిస్తాడు.

ఇక రుతువులు. దీంట్లో చంద్రుడి ప్రమేయం తక్కువ, ఇది సూర్యుడికీ భూమి ఇరుసు వంపుకీ సంబంధించినది. జనవరి 3, 4 తేదీల్లో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్లలో ఉంటుంది, అప్పుడే అరకులో మంచు కమ్ముకుంటుంది. జులై మొదటి వారంలో 15.2 కోట్ల కిలోమీటర్లకి వెళ్లిపోతుంది. అంటే దూరం కాదు కారణం, 23.4 డిగ్రీల వంపు. మన ఊరు భూమధ్యరేఖకి 17.7 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, మే 10, 11 తేదీల ప్రాంతంలో ఉత్తరానికి వెళుతూ, ఆగస్టు 1, 2 తేదీల్లో తిరిగి వస్తూ. మేలో 11 గంటల 53 నిమిషాలకి, ఆగస్టులో 12 గంటల 3 నిమిషాలకి అటూ ఇటూగా డాబా మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి చూడండి, నీడ గ్లాసు కిందికి దూరిపోయి మాయమవుతుంది. నా మనవరాలికి చూపించాను, అది గ్లాసుని నాలుగువైపులా తిప్పి వెతికింది. మేలో ఆ నిటారు ఎండ పూర్తిగా నేల మీద పడుతుంది, ఆగస్టుకల్లా మబ్బు అడ్డం వస్తుంది, అందుకే రెండు రోజులూ సూర్యుడు ఒకేచోట ఉన్నా వేడి ఒకటి కాదు.

మన పెద్దలు దీన్ని కార్తెలతో కొలిచారు. కార్తె సూర్యుడి లెక్క, సూర్యుడు ఒక నక్షత్రం దాటడానికి పట్టే 13, 14 రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అది మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, మృగశిర జూన్ 7, 8 తేదీలకి వచ్చేసరికి తొలకరి కోసం చూస్తాం, ప్రతి ఏడూ తేదీలు దాదాపు అవే. విత్తనానికి సూర్యుడి లెక్క, పండక్కి చంద్రుడి లెక్క. రెండు లెక్కలూ ఒకే ఇంట్లో ఎలా పొసిగాయో చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే కలుగుతుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, ఒక్కో మాసం 29.53 రోజులు, సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న రావడం చూశారు కదా, అలా వదిలేస్తే ఉగాది చలికాలంలోకి వెళ్లిపోతుంది. అందుకే సుమారు 32, 33 నెలలకోసారి ఒక మాసం అధికంగా చేరుస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, దాంతో 2027 ఉగాది మళ్లీ ఏప్రిల్‌కి జరుగుతుంది. 19 ఏళ్లలో 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా పడతాయి, పన్నెండు పంతొమ్మిదులు 228, మిగిలిన ఏడూ అధికమాసాలు.

సంక్రాంతి గురించి కూడా ఒక మాట. ఉత్తరాయణం అంటాం, నిజానికి సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో, సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో. పెద్దలు తప్పు చేశారని కొందరు తేల్చేస్తారు, అది అన్యాయం. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకేరోజు పడేవి. భూమి మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బుని సూర్యుడూ చంద్రుడూ పట్టి లాగుతుంటారు, దాంతో ఆగిపోబోయే బొంగరం తల తిప్పినట్టు భూమి ఇరుసు 26,000 ఏళ్లకో చుట్టు తిరుగుతుంది. నక్షత్రాలతో కొలిచే ఏడాది రుతువుల ఏడాది కంటే 20 నిమిషాలు ఎక్కువ అయిపోయి, సుమారు 71 ఏళ్లకి ఒక రోజు తేడా వస్తోంది. మీరు చూసిన పాటుని కలిగించిన లాగుడే సంక్రాంతిని కూడా జరుపుతోంది.

గ్రహణాలు త్వరగా చెప్పేస్తాను. చంద్రుడు తిరిగే దారి భూమి దారికి 5 డిగ్రీలు వంగి ఉంది, అందుకని చాలా అమావాస్యలకీ పౌర్ణములకీ నీడ పైనుంచో కిందనుంచో తప్పిపోతుంది, రెండు దారులూ కలిసే బిందువు దగ్గర తిథి పడితేనే గ్రహణం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చి చూశాడు, ఆ గ్రహణపు పరిశీలనలే హీలియం గుర్తింపుకి దారి తీశాయి. మన ఊళ్లోనే 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ పెట్టారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఈ ఊరి పిల్లలకి ఈ పేర్లు తెలియాలి.

మళ్లీ సముద్రానికి వస్తాను, ఎందుకంటే నాకు అసలు టెన్షన్ అక్కడే. పోటు వేరు, అల వేరు. పోటుది చంద్రుడి లెక్క, అలది గాలి లెక్క. పౌర్ణమి కానంత మాత్రాన సముద్రం శాంతంగా ఉంటుందని అనుకోకండి, ఎక్కడో దూరాన వీచిన గాలి పుట్టించిన అల ఎండ కాస్తున్న రోజున కూడా మన ఒడ్డుకి వస్తుంది. దీనిమీద ఏడాది లెక్క ఇంకొకటి ఉంది. మార్చి ప్రాంతంలో మన తీరంలో సగటు నీటిమట్టం బాగా తక్కువ, అక్టోబరు, నవంబరులో ఎక్కువ, తేడా అడుగు పైనే. వేసవిలో తీరం వెంట వీచే గాలి పైనీటిని ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు తోసి అడుగు నుంచి చల్లని నీరు పైకి తెస్తుంది, దీన్ని 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి అధ్యయనం చేశాడు. వానాకాలం తర్వాత నదుల నీరు, ప్రవాహాలు కలిసి మట్టం పెరుగుతుంది.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది. మట్టం ఎక్కువ ఉండే నెలే, కానీ పౌర్ణమి 8వ తేదీకే అయిపోయింది, పోటు తగ్గుతున్న రోజులు. ఆ రోజు మామూలు పోటు కంటే 1.4 మీటర్లు ఎక్కువ నమోదైంది. అదే పౌర్ణమి మర్నాడు పోటు వేళకి వచ్చి ఉంటే ఎలా ఉండేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడు కార్తీక పౌర్ణమి సంగతి ఆలోచించండి. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదింటికి వేలమంది సముద్రస్నానానికి దిగుతారు. మూడింటికి పాటు కాబట్టి వెళ్లేసరికి నీరు వెనక్కి ఉంటుంది, ఇసుక బాగా కనిపిస్తుంది, ధైర్యంగా ముందుకి వెళతారు. అప్పటి నుంచి తొమ్మిది దాకా నీరు ఎక్కుతూనే ఉంటుంది, ఏడాదిలో మట్టం ఎక్కువగా ఉండే రోజుల్లో. మోకాళ్ల దగ్గర మొదలుపెట్టినవాళ్లు అరగంటకి అదే చోట తొడల దాకా ఉన్నా గమనించరు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఒడ్డునే ఉంచి చెంబుతో పోయండి. అలలు విరగకుండా నున్నగా కనిపించే చోట దిగకండి, నీరు లోపలికి లాక్కుపోయే దారి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

బాబు కోసం ఒక పని చెబుతాను. వచ్చే పౌర్ణమికో అమావాస్యకో మధ్యాహ్నం 12కి తెన్నేటి పార్కుకి తీసుకెళ్లండి. కిందికి దిగొద్దు, పైనుంచే ఒక రాయిని ఎంచుకుని, ఒకేచోట నిలబడి అరగంటకో ఫోటో తీయించండి, ఆరింటి దాకా. మూడింటి ఫోటోలో ఆ రాయి మొదటికంటే చాలా బయటపడి, నీటి గుంటలు, పచ్చని నాచు కనిపిస్తాయి, ఆరింటికి మళ్లీ మునుగుతుంటుంది. వారం తర్వాత అష్టమికి అదే రాయి దగ్గర అదే వేళల్లో తీస్తే మార్పు చాలా తక్కువగా ఉంటుంది. ప్రతి ఫోటోకీ వేళ, తిథి రాయమనండి. ఎండ గట్టిగా ఉంటుంది, టోపీ, మంచినీళ్లు మర్చిపోకండి.